ఇరుసు చప్పుడు

అక్కలారా! మన పెద్దవాళ్ళకు ఎద్దుల బండి బాగా తెలుసు. చక్రం కీచుమంటే ఇరుసుకు కందెన రాసేవాళ్ళు. చక్రం ఊగుతుంటే చీల చూసేవాళ్ళు. బండి దిగక ముందే, చప్పుడు వినే సంగతి చెప్పేసేవాళ్ళు.

ఇప్పుడు ఊళ్ళల్లో ఎద్దుల బండ్లు తగ్గిపోయాయి. పికప్ బండ్లు వచ్చాయి. టమాటా బాక్సులు, గడ్డి, సిమెంటు, పెండ్లి సామాను అన్నీ వాటిలోనే. ఈ బండికీ వెనక ఇరుసు ఉంది. మెకానిక్కులు దాన్ని యాక్సిల్ అంటారు. అది చెడిపోయే ముందు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు మనకు అర్థం అవుతుందా? మా పిన్నమ్మకు అర్థం అయింది. ఆ సంగతి చెప్తాను.

మా వీధిలో పొదుపు సంఘం అక్కలు 10 మంది కలిసి లోను తీసుకున్నారు. ఒక పాత పికప్ కొన్నారు. ఊళ్ళో పండిన టమాటాలు మదనపల్లె మార్కెట్టుకు తోలుతారు. వచ్చిన బాడుగతో లోను కంతు కడతారు. బండి నిలబడితే కంతు కూడా నిలబడుతుంది. డ్రైవరు నాకు అన్న వరస. పిన్నమ్మ లెక్కలు చూసుకునే మనిషి. రోజూ ముందు సీట్లో కూర్చుని మార్కెట్టుకు పోతుంది.

ఒక రోజు వెనక నుంచి చప్పుడు మొదలైంది. విసుర్రాయి తిప్పినట్టు గుర్రు గుర్రుమని.

"ఏంది నాయనా, ఆ చప్పుడు?" అంది పిన్నమ్మ.

"ఏమీ లేదు పిన్నమ్మా. రోడ్డు బాగలేదు" అన్నాడు అన్న. పాటల సౌండు పెంచాడు.

పిన్నమ్మ పాట ఆపేసింది. కిటికీ అద్దం దించి చెవి పెట్టింది. బండి వేగం పెరిగితే చప్పుడు పెరుగుతా ఉంది. వేగం తగ్గితే తగ్గుతా ఉంది. సాయంత్రం రాత్రి బడికి వచ్చినప్పుడు నోటు పుస్తకంలో రాసుకుంది. "గురు గురు. వేగంగా పోతే ఎక్కువ." గుర్రుకు రావత్తు మరిచిపోయింది. నేను దిద్దలేదు. అది పాఠం కాదు, బండి సంగతి!

మరుసటి రోజు బండిని ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయారు. అతను బండి తోలి చూడలేదు. జాకీ కూడా వేయలేదు. "క్రౌన్, పినియన్ పోయినాయి. మొత్తం మార్చాలి. 20,000 అవుతుంది" అన్నాడు. పిన్నమ్మ గుండె ఝల్లుమంది. అది ఎన్నో నెలల కంతు.

క్రౌన్ అంటే ఏమిటి? పినియన్ అంటే ఏమిటి? ఇది తెలుసుకోవాలి.

పికప్ బండికి ఇంజను ముందర ఉంటుంది. తిరిగేవి మాత్రం వెనక చక్రాలు. మరి ముందున్న బలం వెనక్కి ఎలా పోతుంది? బండి కింద ఒక పొడవాటి ఇనుప గొట్టం ఉంటుంది. దాని పేరు ప్రొపెల్లర్ షాఫ్ట్. అది తిరుగుతూ బలాన్ని వెనక ఇరుసుకు అందిస్తుంది. వెనక రెండు చక్రాల మధ్య, ఇరుసు నడుమ గుండ్రంగా ఉబ్బిన భాగం కనబడుతుంది. అందులో పళ్ళ చక్రాలు ఉంటాయి. షాఫ్టు చివర ఉన్న చిన్న పళ్ళ చక్రం పినియన్. అది తిప్పే పెద్ద పళ్ళ చక్రం క్రౌన్. పక్కన ఇంకా చిన్న పళ్ళ చక్రాలు ఉంటాయి. ఎందుకని? బండి వంపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే వేగంతో తిరిగితే కుదరదు. ఈ తేడాను చూసుకునేది ఆ చిన్న చక్రాలే. ఇవన్నీ గేరు ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. ఎద్దుల బండికి కందెన ఎట్లాగో, దీనికి గేరు ఆయిల్ అట్లాగు. ఇక చక్రం దగ్గర బేరింగు ఉంటుంది. బేరింగు నున్నగా ఉంటేనే చక్రం నున్నగా తిరుగుతుంది.

ఇన్ని భాగాలు ఉన్నాయి కదా. ఏది అరుస్తోందో ఎలా తెలుస్తుంది? "ఎలాంటి చప్పుడు" అని అడిగితే ఒకరు గుర్రు అంటారు, ఒకరు బుర్రు అంటారు. అందుకని "ఎప్పుడు వస్తోంది" అని అడగాలి. నా మట్టుకు నాకు ఈ ప్రశ్నే ముఖ్యం అనిపిస్తుంది.

బండి నిలబడి ఉంది. ఇంజను ఆన్ చేసి ఎక్సలేటరు తొక్కారు. అప్పుడూ చప్పుడు వచ్చిందా? అయితే అది వెనక ఇరుసు కాదు. ఇరుసు తిరగడమే లేదు కదా!

తారు రోడ్డు మీద ఒక రకంగా, సిమెంటు రోడ్డు మీద ఇంకో రకంగా వస్తే టైర్లు చూడండి. ఒక పక్క అరిగిన టైరు కూడా బేరింగు లాగే గుర్రుమంటుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు.

ఎక్సలేటరు తొక్కితే ఊఁ అని ఊళ వేస్తుంది. వదిలితే ఆగిపోతుంది, లేదా గొంతు మారుతుంది. అప్పుడు క్రౌన్, పినియన్‌ను అనుమానించాలి. ముందు గేరు ఆయిల్ ఉందా లేదా చూడాలి. వంపు తిరిగేటప్పుడు మాత్రమే లోపల కటకటమంటే, ఆ చిన్న పళ్ళ చక్రాల పని.

బండి కదిలేటప్పుడు ఒకసారి టక్, రివర్సు వేస్తే మళ్ళీ టక్. ఇది చాలావరకు షాఫ్టు కీలు దగ్గర అరుగుదల. ఆ కీలును క్రాస్ అంటారు. గుంతలో పడినప్పుడు మాత్రమే డబ్ మంటే ఇరుసుది తప్పు కాదు. కమాను కట్టలు, వాటిని బిగించే బోల్టులు చూడాలి.

పిన్నమ్మకు ఇవన్నీ ముందే తెలియవు. కానీ ఆమె ఒక సంగతి పట్టుకుంది. "నాయనా, ఎక్సలేటరు వదిలినా చప్పుడు పోలేదు కదా. మరి క్రౌన్ ఎట్లా అవుతుంది?" అని అన్నను అడిగింది. అన్న గమ్మున ఉండిపోయాడు. ఆమె ఇంకో మాట చెప్పింది. "చెరువు కట్ట దగ్గర ఎడమకు తిరిగినప్పుడు ఎక్కువగా అరుస్తుంది. ఇంటికి వచ్చేటప్పుడు అదే వంపులో తగ్గుతుంది."

పోయేటప్పుడు బండి నిండా లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. లోడు వల్ల తేడా వచ్చిందేమో! అందుకని ఖాళీ బండితో చెరువు కట్ట మీద రెండు వైపులా మెల్లగా తోలి చూశారు. పిన్నమ్మ మాటే నిజం అయింది. ఎడమకు తిరిగితే ఎక్కువ, కుడికి తిరిగితే తక్కువ.

దీని అర్థం ఏమిటి? బస్సు ఎడమకు తిరిగితే మనం ఎటు ఒరుగుతాం? కుడికి. బండి బరువు కూడా అట్లే కుడి చక్రం మీద పడుతుంది. కుడి బేరింగు చెడి ఉంటే అప్పుడు గట్టిగా అరుస్తుంది. కుడికి తిరిగినప్పుడు దాని మీద బరువు తగ్గుతుంది, అరుపూ తగ్గుతుంది.

బండి ఆపి రెండు వెనక చక్రాల దగ్గర అరచేతి వెనక వైపు పెట్టి చూశారు. తాకలేదు, దగ్గర పెట్టారు అంతే. ఎడమ వైపు గోరువెచ్చగా ఉంది. కుడి వైపు పొయ్యి మీది పెనం మాదిరి సెగ కొట్టింది. బ్రేకు పట్టేసినా ఒక చక్రం ఇలాగే కాలుతుంది. కాబట్టి వేడి ఒక్కటే చూసి బేరింగు అనుకోకూడదు. చప్పుడు, వంపు, వేడి మూడూ కుడి వైపే చూపించాయి.

రెండో మెకానిక్కు వయసు మళ్ళినవాడు. పిన్నమ్మ చెప్పింది అంతా విన్నాడు. బండిని చదునుగా ఉన్న చోట నిలిపించాడు. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టించాడు. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను పట్టుకుంటుంది. దాన్ని తీసేస్తేనే వెనక చక్రం తిరుగుతుంది. తీసేస్తే బండి జరుగుతుంది. అందుకే రాళ్ళు. జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాడు. ఒక్క జాకీని నమ్మి ఎవరూ బండి కిందికి దూరకూడదు. జాకీ జారితే మనిషి మిగలడు.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. లొడలొడమంది. చేత్తో తిప్పితే గరగరమంది. విప్పి చూస్తే బేరింగు లోపలి ఇనుము గుంతలు గుంతలుగా లేచిపోయింది. ఆయిల్ సీలు చిరిగింది. ఆయిల్ కారి బ్రేకు లైనింగు తడిసింది. తడిసిన లైనింగు బ్రేకును గట్టిగా పట్టదు.

"ఇంకొన్ని రోజులు తోలి ఉంటే చక్రం పట్టేసేది. లేకుంటే ఇరుసుతో సహా బయటికి వచ్చేసేది" అన్నాడాయన.

ఈ మాట విని నాకు కూలికి పోయే అక్కలు గుర్తుకొచ్చారు. సామాను బండి వెనక మనుషులు ఎక్కకూడదు, చట్టం ఒప్పదు. అయినా మిరప కోతలకు, కలుపులకు ఎక్కుతూనే ఉన్నారు. వాళ్ళు కూర్చునేది సరిగ్గా ఆ ఇరుసు మీదే. చప్పుడు అందరికన్నా ముందు వాళ్ళకే వినబడుతుంది. డ్రైవరు ముందర పాటలు వింటుంటాడు. చప్పుడు వింటే వెంటనే చెప్పండి. ఆపకపోతే అద్దం మీద కొట్టండి.

బేరింగు, సీలు, లైనింగు, కూలి అన్నీ కలిపి మొదటి మెకానిక్కు చెప్పిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. క్రౌన్, పినియన్ బాగానే ఉన్నాయి. కొత్త గేరు ఆయిల్ పోశారు. ఆ నెల కంతు నాలుగు రోజులు ఆలస్యంగా కట్టారు.

ఇప్పుడు బండిలో ఒక నోటు పుస్తకం ఉంది. చప్పుడు వింటే పిన్నమ్మ రాస్తుంది. ఈ మధ్య అన్న కూడా రాస్తున్నాడు.

కింద నాలుగు చీటీలు ఉన్నాయి. గట్టిగా చదవండి. ఏ భాగం చెడిందో పక్కవాళ్ళతో మాట్లాడుకుని రాయండి. జవాబులు పాఠంలోనే ఉన్నాయి.

1. "బండి కదిలేటప్పుడు టక్ అంది. రివర్సు వేస్తే మళ్ళీ టక్. నడుస్తుంటే ఏమీ లేదు."

2. "ఎక్సలేటరు తొక్కితే ఊళ. వదిలితే లేదు. ఇరుసు నడుమ కింద ఆయిల్ తడి."

3. "తారు రోడ్డు మీద గుర్రు. సిమెంటు రోడ్డు ఎక్కగానే చప్పుడు మారింది."

4. "వేగంగా పోతే గుర్రు. ఎక్సలేటరు వదిలినా ఉంది. కుడి వంపులో ఎక్కువ." ఇది ఏ వైపు చక్రం?