స్వస్థత పిదపటి ధైర్యము

వ్యాధి వచ్చినప్పటి ధైర్యమును లోకము వేనోళ్ల గొనియాడును; వ్యాధి నెమ్మదించిన పిదప కావలసిన ధైర్యమును గూర్చి మాటాడువారు అరుదు. రొమ్ము క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగి, కీమో, రేడియేషనులు ముగించుకొని ఇల్లు చేరిన స్త్రీ, జుట్టు మరల మొలిచి ఇంటి పనులు చేతికి వచ్చిన తరువాత, వైద్యుడు వ్రాసియిచ్చిన తేదీనాడు ఆసుపత్రి గడప మరల త్రొక్కుటకు వెనుకాడుట మనము చూచుచునే యున్నాము. దానికి సోమరితనమనియో అజ్ఞానమనియో పేరు పెట్టుట తొందరపాటు.

ఆమె చేయవలసినది కొండంత పని కాదు. మొదటి 3 ఏండ్లు 3 నుండి 6 నెలలకొకమారు, పిమ్మటి రెండేండ్లు 6 నుండి 12 నెలలకొకమారు, ఆపైన ఏటేట వైద్యునికి చూపించుకొనుట. రొమ్ము మిగిలియున్నచో సంవత్సరమునకొక మామోగ్రాము. లక్షణములేవియు లేనివారికి స్కానులు, క్యాన్సరు జాడకై చేయు రక్తపరీక్షలు మాటిమాటికి అక్కరలేదని వైద్యుల మార్గదర్శక సూత్రములే చెప్పుచున్నవి. మరల వేలకు వేలు పోయవలసివచ్చునని బెదరి ఆగిపోవువారికి ఈ సంగతి చెప్పువారు లేరు. ‘ఐదేండ్లు నిండినవి, గండము గడిచినది’ అను నమ్మకము మరియొక అడ్డు. హార్మోనులపై ఆధారపడి పెరుగు రకము పదిపదిహేనేండ్ల తరువాత సైతము తిరుగబెట్టవచ్చును.

అయినను అసలు అడ్డు లోపలిది. చికిత్సకాలమున ఆమె చుట్టును బంధువులుండిరి, వైద్యుడుండెను, ప్రతిదినమును చేయవలసిన పని యొకటి యుండెను. ఆనాటి ధైర్యములో సగము ఆ పరివారముదే. ఇప్పుడు, ఏ నొప్పియు లేని శరీరముతో, తానై బయలుదేరి, అశుభవార్త వినుటకు అవకాశమున్న చోటికి ఒంటరిగా పోవలెను. దానికి తోడు, ‘నీవు జయించితివమ్మా’ అని ఇరుగుపొరుగు పొగడిన కొలదియు, నాకు భయముగా నున్నదని చెప్పుకొను దారి ఆమెకు మూసికొనిపోవును. పొగడ్త సైతము ఇట్లు నోరు కట్టివేయునని పొగడువారు ఎరుగరు. తన చికిత్సకై పొలమో నగలో అమ్మిన యింట మరల ఖర్చు పేరెత్తుటకు నోరు రాక, ‘నాకేమి, బాగానే యున్నాను’ అని తేదీ దాటవేయు తల్లులెందరో! ఆ మాటను త్యాగమని మెచ్చుకొను భర్తలను, కుమారులను నేను క్షమింపజాలను.

దూరము సంగతి వేరుగ చెప్పవలెనా? ఆదిలాబాదు ప్రాంతపు పల్లెనుండి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికి వచ్చు కూలిమనిషికి, అది ప్రభుత్వ వైద్యశాలయే యైనను, దారిఖర్చును, తనతో వచ్చినవాని కూలియు నష్టమే. ఇక గుట్టు: తల్లికి ఈ రోగమని తెలిసినచో కూతురి సంబంధము చెడునను భీతి. 1974 లో అమెరికా అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డు తన శస్త్రచికిత్సను దాచక వెల్లడించినంతనే అచ్చటి స్త్రీలు పెక్కుమంది పరీక్షలకు కదలిరి. మన యిండ్లలో ఆసుపత్రి కాగితములు నేటికిని బీరువా అడుగుననే దాగుచున్నవి.

వ్యక్తిత్వవికాసమును బోధించువారు ఇట్టిచోట సంకల్పబలము పెంచుకొమ్మందురు. నా కది నచ్చదు. భయమున్న చోట సంకల్పము తేదీ దగ్గరపడిన కొలదియు కరగును, ఏర్పాటు కరగదు. ఒకసారి చూపించుకొని వచ్చునప్పుడే మరుసటి తేదీ వ్రాయించుకొనుట, వెంట వచ్చువారెవరో ఆనాడే నిర్ణయించుట, చికిత్స కాగితములన్నియు ఒక్క ఫైలులో నుంచుట, భయమును వైద్యునితోనే మొదట చెప్పుట: ఇవి అల్పములే, కాని ప్రతిమారును మనస్సుతో పోరాడవలసిన అగత్యమును తప్పించును. ఆ ఫైలు మోయుట, తేదీ గుర్తుంచుకొనుట ఇంటిలోని మరియొకరు మీద వేసికొన్నచో ఇంకను మేలు.

తేదీ ఉన్నదిగదా యని దానికై కాచియుండరాదు. క్రొత్తగా గడ్డ తగిలినను, ఎముకలలో విడువని నొప్పి పట్టినను, ఆయాసము వచ్చినను, టామాక్సిఫెను అను మాత్ర మ్రింగుచున్న స్త్రీకి ముట్లుడిగిన తరువాత రక్తము కనబడినను, జాగు చేయక అప్పుడే వైద్యుని చూడవలెను.