ముందు వెనక లైటు

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి లైబ్రరీ నుంచి రూముకి వస్తున్నాను. బైపాస్ పక్కన వీధిదీపాలు లేని చోట ఒక లారీ నా మోచేతికి జానెడు దూరంలో దూసుకుపోయింది. కాస్త ముందుకెళ్లి ఆపి, డ్రైవర్ తల బయటపెట్టి అరిచాడు, "లైటన్నా పెట్టుకోవయ్యా!" అని. నాకు ఒళ్లు మండింది. సీటు కింద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది మరి! దిగి చూస్తే, క్యారియర్ మీద కట్టిన బ్యాగు దాన్ని పూర్తిగా కప్పేసింది. తిట్టడంలో ఆయన తప్పేం లేదు.

అప్పటిదాకా నా ధ్యాసంతా ముందు లైటు మీదే. డబ్బా మీద "1000 ల్యూమెన్లు, 4 గంటలు" అని చూసి ఆన్‌లైన్‌లో కొనేశాను. లోపలి బ్యాటరీ 3.7 వోల్టులు, 1200 ఎం.ఏ.హెచ్. అంటే సుమారు 4.4 వాట్-అవర్లు. వాటుకి 100 ల్యూమెన్లు ఇచ్చే మంచి ఎల్ఈడీ అనుకున్నా, 1000 ల్యూమెన్లకి 10 వాట్లు కావాలి. అరగంట కూడా రాదు! ఫస్టియర్ లెక్కే, కొనేముందు వేసుకోలేదంతే.

అసలు మనకెంత వెలుగు కావాలి? గంటకి 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 5 మీటర్లు. గుంత కనబడి బ్రేక్ నొక్కేసరికి ఒకటిన్నర సెకను, అంటే ఏడున్నర మీటర్లు అయిపోతాయి. ఆగడానికి ఇంకో నాలుగు మీటర్లు. కాబట్టి 15 మీటర్ల దూరంలో రోడ్డు కనిపిస్తే చాలు. ల్యూమెన్ అంటే లైటు చిమ్మే మొత్తం వెలుగు. రోడ్డు మీద పడేది ఎంతో చెప్పేది లక్స్. టార్చిలా గుండ్రంగా చిమ్మే లైటు చాలా వెలుగుని చెట్ల కొమ్మలకీ, ఎదురొచ్చేవాడి కళ్లకీ దానం చేస్తుంది.

బిగించడానికి గోడ చాలు. హ్యాండిల్ దగ్గర లైటు ఎత్తు 90 సెంటీమీటర్లు అనుకోండి. గోడకి 5 మీటర్ల దూరంలో సైకిల్ నిలబెట్టి, వెలుగు మధ్యభాగం గోడ మీద 60 సెంటీమీటర్ల ఎత్తులో పడేలా వంచండి. సరూప త్రిభుజాలే: 15 మీటర్ల దగ్గర అది నేలని తాకుతుంది. గుంతల్లో క్లాంప్ జారకుండా లోపల పాత ట్యూబు ముక్క పెట్టాను.

వెనక లైటుని ఇప్పుడు క్యారియర్ చివరకి మార్చాను. అది నేలకేసో ఆకాశంకేసో కాకుండా తిన్నగా వెనక్కి చూడాలి. బ్లింక్ మోడ్ త్వరగా కంటపడుతుంది గానీ, ఎంత దూరంలో ఉన్నామో వెనకవాళ్లకి అంచనా దొరకదు. అందుకే నాది నిలకడగా వెలిగే మోడ్‌లోనే ఉంటుంది. చార్జింగ్ అయిపోయినా పనిచేసేవి రిఫ్లెక్టర్లు. పెడల్స్‌కి ఉన్నవైతే పైకీ కిందకీ ఆడుతుంటాయి, సైకిలని దూరం నుంచే తెలిసిపోతుంది. కొత్త సైకిల్ స్టైల్‌గా ఉండాలని వాటిని పీకేసినవాళ్లు మన హాస్టల్లోనే ఉన్నారు, పేర్లు వద్దులెండి.

తాతయ్య సైకిల్‌కి డైనమో ఉండేది. చార్జింగ్ గొడవే లేదు, కానీ తొక్కడం ఆపితే లైటూ ఆగిపోయేది. రోడ్డు దాటడానికి ఆగినప్పుడే కదా అది కావాల్సింది.

ఇంటర్నల్స్ అయ్యాక సైకిల్ ఉన్నవాళ్లు ఒక సాయంత్రం చీకటిపడ్డాక మా బ్లాక్ వెనక గోడ దగ్గరికి రండి. కొలిచే టేపు నేను తెస్తాను. బ్యాగులు కూడా కట్టుకునే రండి.