జింకపిల్ల, క్రికెట్ కార్డుల డబ్బా: భరతుడి కథ నాకు అర్థమైన రాత్రి



నిన్నటి వీడియోలో జడభరతుడి కథ చెప్పుకున్నాం. ఇరవై నిమిషాల్లో కథ మాత్రమే చెప్పగలిగాను. నా సంగతి ఒకటి చెప్పకుండా దాటేశాను. అది ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే ఇదే కథను 2023 అధిక శ్రావణ మాసంలో కూడా మన ఛానల్‌లో చెప్పాను. అప్పుడు చాలామంది "బాగా చెప్పారు గురువుగారూ" అన్నారు. నిజానికి అప్పటికి ఆ కథ నాకే అర్థం కాలేదు. అర్థమైంది సరిగ్గా ఆ తర్వాతి వారంలో, మోకాలి లోతు నీళ్లల్లో నిలబడ్డప్పుడు.

వీడియో చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను.

రాజ్యం వదిలినవాడు జింకకు దొరికిపోయాడు

భరతుడు ఋషభదేవుడి కొడుకు. మన దేశానికి భారతవర్షం అనే పేరు ఆయన వల్లే వచ్చిందని భాగవతం చెబుతుంది. ఎన్నో ఏళ్లు రాజ్యం ఏలి, కొడుకులకు పంచి ఇచ్చి, గండకీ నది ఒడ్డున పులహాశ్రమానికి వెళ్లిపోయాడు. ఒకరోజు స్నానం చేసి జపం చేసుకుంటుంటే, నిండు చూలాలైన ఒక జింక నీళ్లు తాగడానికి వచ్చింది. దగ్గర్లో సింహం గర్జించింది. భయంతో జింక నది మీదుగా దూకింది. కడుపులో పిల్ల జారి నీళ్లల్లో పడింది. తల్లి జింక చనిపోయింది. కొట్టుకుపోతున్న పిల్లను భరతుడు ఎత్తుకొచ్చి పెంచాడు.

తప్పేముంది ఇందులో? ఏమీ లేదు. దయ గల పని. కానీ మెల్లమెల్లగా పూజ తగ్గింది, జపం తగ్గింది. జింకపిల్ల మేసిందా, ఎటు పోయింది, ఇంకా రాలేదేం అన్నదే ధ్యాస. ప్రాణం పోయేటప్పుడు కూడా చూపు దాని మీదే. తర్వాతి జన్మలో కాలంజర పర్వతం దగ్గర జింకగా పుట్టాడు. ఆ తర్వాత జన్మలో బ్రాహ్మణుడి ఇంట పుట్టి, మళ్లీ దేనికీ దొరక్కుండా మందమతిలా బతికాడు. అందుకే జడభరతుడు అన్నారు.

తెలుగు భాగవతం అనగానే మనకు పోతన గుర్తొస్తాడు. మన బమ్మెర ఆయన ఊరే కదా. అయితే ఈ కథ ఉన్న పంచమ స్కంధాన్ని తెలుగు చేసింది గంగన. పోతన తన గ్రంథాన్ని రాజుకు ఇవ్వనని రాముడికి అంకితం ఇచ్చాడు. సొంతంగా చేసుకున్నదాన్ని కూడా "నాది" అనుకోకపోవడం మన ఓరుగల్లు గాలిలోనే ఉంది. ఆ గాలి పీల్చుకుంటూనే నేను మాత్రం ఒక డబ్బా పట్టుకుని కూర్చున్నాను.

నా జింకపిల్ల

నా జింకపిల్ల క్రికెట్ కార్డులు.

1990లలో హన్మకొండలో పెరిగినవాళ్లకు గుర్తుంటుంది. బబుల్ గమ్ కొంటే లోపల క్రికెటర్ బొమ్మతో చిన్న కార్డు వచ్చేది. గమ్ కోసం కాదు, కార్డు కోసం కొనేవాళ్లం. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు ఇంకో పిచ్చి. బడి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, "ర్యాంకు ఎంత? బరువు ఎంత?" అని చీకటి పడేదాకా ఆడేవాళ్లం. పోతే పోయింది, గెలిస్తే గెలిచింది. ఎవడి జేబులోనూ వంద కార్డులు దాటేవి కాదు.

మళ్లీ మొదలైంది మా అబ్బాయి వల్ల. వాడికి ఎనిమిదేళ్లప్పుడు ఐపీఎల్ కార్డుల ప్యాకెట్ ఒకటి కొనిచ్చాను. వాడు రెండు రోజులు ఆడి పక్కన పడేశాడు. నేను పడేయలేదు. సెట్‌లో ఇంకా ఎన్ని కావాలో లెక్క రాసుకున్నాను. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని, అమెరికావాళ్లు పెట్టెలు విప్పే వీడియోలు చూడటం అలవాటైంది. పెట్టె ముందే జట్ల వారీగా అమ్ముకుని, లైవ్‌లో విప్పుతారు. ఎవరి జట్టు కార్డు వస్తే వాళ్లది. రాత్రి పన్నెండు దాటేది. మన ఛానల్ వీడియో ఎడిటింగ్ చేయాల్సిన టైం అది.

ఈ కార్డుల లోకం ఎట్లా నడుస్తుందో ఒకసారి చెప్పాలి. ప్యాకెట్‌లో ఏముందో విప్పేదాకా తెలియదు. ఎన్ని ప్యాకెట్లకు ఒక అరుదైన కార్డు వస్తుందో చాలా ప్యాకెట్ల వెనకే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చదివి కూడా కొంటాం. ఒక సెట్ పూర్తయ్యేలోగా కొత్త ఏడాది సెట్ వస్తుంది. కార్డుకు పది మార్కులకు గ్రేడు వేసి ప్లాస్టిక్ పలకలో బిగించి పంపే సంస్థలు ఉన్నాయి. అదే కార్డు, మూల కొంచెం అరిగితే ధర ఎంతో పడిపోతుంది.

మరి విలువ ఎక్కడుంది? 1952లో టాప్స్ కంపెనీ అచ్చు వేసిన మిక్కీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే 1952 సెట్‌లో అమ్ముడుపోని పెట్టెలను గోదాములో చోటు లేక, 1960 ప్రాంతంలో ఆ కంపెనీవాళ్లే పడవలో తీసుకెళ్లి సముద్రంలో పారబోశారు. ఆ రోజు చెత్త, ఈ రోజు కోట్లు. దానికి తలకిందులుగా 1980ల చివర్లో, 1990ల మొదట్లో "రేపు ధర పెరుగుతుంది" అని అమెరికాలో జనం దాచుకున్న కార్డులు లక్షల్లో అచ్చు వేశారు కాబట్టి ఇప్పుడు చాలా వాటికి విలువే లేదు. కాగితం ఒక్కటే. మారింది మనసు.

ఇవన్నీ నాకు తెలుసు. నేను ఒక కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. ఊరి లెక్కలన్నీ రాస్తాను, నా లెక్క మాత్రం రాసుకోలేదు. పార్సిళ్లు ఇంటికి కాకుండా ఆఫీసుకు తెప్పించుకునేవాణ్ణి. ఎందుకు దాస్తున్నానో నన్ను నేను అడగలేదు.

2023 జులై 27

ఆ రాత్రి వాన మన వరంగల్‌వాళ్లెవరూ మరచిపోరు. మాది హంటర్ రోడ్డు వైపు లోతట్టు కాలనీ, కింది పోర్షన్. తెల్లవారుజామున మా ఆవిడ లేపింది.

"ఏమండీ, లేవండి! నీళ్లొచ్చినయ్!"

కరెంటు లేదు. మంచం దిగితే పాదాలు మునిగినయ్. క్షణక్షణానికీ పెరుగుతున్నయ్. అమ్మ ముందు గదిలో మంచం మీద కూర్చుంది. ఆమెకు రెండు మోకాళ్లూ నొప్పులే, ఒక్కతే మెట్లు ఎక్కలేదు. బీపీ, షుగర్ గోలీలు కిటికీ దగ్గర చిన్న డబ్బాలో ఉంటాయి.

"కొడుకా, ఏడున్నవ్ రా?" అని పిలుస్తోంది.

నేను ఎటు పోయానో తెలుసా? టీవీ స్టాండ్ కింది అరకు. కార్డుల డబ్బా అక్కడే ఉంది. నీళ్లు దాన్ని తాకుతున్నాయి. దాన్ని తీసి నెత్తి మీద పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చాను. అప్పటికి అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని, మోకాలి లోతు నీళ్లల్లో నిలబడి ఉంది. పక్కన పదకొండేళ్ల మా అబ్బాయి. ఒక చేత్తో నానమ్మ భుజం పట్టుకున్నాడు, ఇంకో చేతిలో గోలీల డబ్బా.

"డాడీ, అది కింద పెట్టు. నానమ్మను పట్టుకో," అన్నాడు.

వాడి గొంతులో కోపం లేదు. అడగాల్సిన మాట అడిగాడంతే. నేను మాత్రం ఒక్క క్షణం ఆగాను. ఎక్కడ పెట్టాలా అని చూశాను. ఆ ఒక్క క్షణంలో పై పోర్షన్ ఆయన దిగివచ్చి, "అమ్మా, నా మెడ పట్టుకోండి," అని మా అమ్మను ఎత్తుకుని పైకి తీసుకుపోయాడు. నేను వెనకాల డబ్బాతో మెట్లెక్కాను.

అంతకు వారం ముందే కెమెరా ముందు కూర్చుని జింకపిల్ల కథ చెప్పిన మనిషిని నేను.

రెండు రోజులకు భద్రకాళి చెరువు కట్టకు గండి పడిందని ఊరంతా మళ్లీ భయపడింది. నీళ్లు తగ్గాక ఇంటికి వెళ్తే బియ్యం తడిసినయ్, పరుపులు తడిసినయ్, గోడ సగం దాకా బురద. మా ఆవిడ, అబ్బాయి బురద ఎత్తుతుంటే, నేను పై పోర్షన్‌లో ఫ్యాన్ కింద తడిసిన కార్డులు ఆరబెట్టాను. సిగ్గుగానే ఉంది, అయినా ఆరబెట్టాను. ఆ రోజే వదిలేశానని చెప్తే అబద్ధం అవుతుంది.

అమ్మ చెప్పిన మాట

వదిలింది అక్టోబర్‌లో, బతుకమ్మ పండక్కి. అమ్మ మోకాళ్ల నొప్పితోనే కింద కూర్చుని, పొద్దుననగా మొదలుపెట్టి సాయంత్రం దాకా తంగేడు, గునుగు వరస వరసగా పేర్చింది. ఒక్క పువ్వు వంకరగా ఉన్నా తీసి మళ్లీ పెట్టింది. పద్మాక్షి గుట్ట దగ్గరికి తీసుకెళ్లాం. ఆడారు, పాడారు, నీళ్లల్లో వదిలారు. వచ్చేటప్పుడు దారిలో అడిగాను.

"అమ్మా, గంత కష్టపడి పేర్చినవ్ గదా. ఇడ్వబుద్ధి అయితదా?"

"ఇడువకుంటే ఏమైతది బిడ్డా? ఇంట్లనే వాడిపోతది," అంది. "మళ్ల ఏడు కొత్త పువ్వు పూయదా?"

ఆమె కార్డుల గురించి అనలేదు. ఆ రాత్రి గురించి కూడా ఏనాడూ అనలేదు. కానీ నాకు తగిలింది. ఇష్టంగా పోగు చేయడం తప్పు కాదు. సాయంత్రానికి చేతులు ఖాళీ చేసుకోగలమా అన్నదే ప్రశ్న.

వదలడం ఎట్లా జరిగింది

గీత రెండో అధ్యాయం 62, 63 శ్లోకాల్లో కృష్ణుడు ఒక వరస చెప్తాడు. ఒకదాన్నే తలుచుకుంటూ ఉంటే దాని మీద మమకారం పుడుతుంది. దాన్నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి మోహం, ఆపై జ్ఞాపకం చెదిరి బుద్ధి పోతుంది. వరదలో నేను ఆగిన ఆ క్షణం ఈ వరసలో చివరిది. కానీ తెంచాల్సింది మొదటి ముడి దగ్గర, అంటే తలుచుకోవడం దగ్గర. అందుకే నేను ఈ వరసలో చేశాను.

మొదట అమ్మలేదు, పారేయలేదు. చూడటం ఆపాను. పెట్టెలు విప్పే వీడియోలు, అమ్మకాల గ్రూపులు, యాప్‌లు తీసేశాను. మొదటి పది రోజులు చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయేది.

రెండోది, కూర్చుని లెక్క రాశాను. మూడేళ్లలో 1,86,000 రూపాయలు. అందులో 40,000 మా ఆవిడ చిట్టీ ఎత్తి, ఇంటి కోసం దాచమని నాకిచ్చిన డబ్బు. కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ముందే చెప్పొచ్చు గదా," అంది. ఆ మాట వినడం కార్డులు వదలడం కన్నా కష్టమైంది.

మూడోది, ఖరీదైనవి పద్నాలుగు కార్డులు తెలిసిన సేకర్తలకు అమ్మాను. 58,000 వచ్చినయ్. ముందు చిట్టీ డబ్బు తిరిగి ఇచ్చాను. మిగిలింది అమ్మ మోకాళ్ల వైద్యానికి. మామూలు కార్డులు కాలనీ పిల్లలకు పంచాను. వాళ్లు అరుగు మీద కూర్చుని అరుస్తూ ఆడుతుంటే చూశాను. కార్డు ఉండాల్సింది అక్కడే అనిపించింది.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవై నలుగురు గురువుల గురించి చెప్తాడు. అందులో ఒక పక్షి ఉంది. నోట్లో మాంసం ముక్క ఉన్నంతసేపు మిగతా పక్షులు తరిమి పొడిచినయ్. ముక్క వదిలేసింది. ఇక ఎవరూ వెంటపడలేదు. ఆకాశం అదే, రెక్కలు అవే. నాకు ఆ నిద్ర దొరికింది.

ఒక హెచ్చరిక

కార్డులు సేకరించేవాళ్లంతా తప్పు చేస్తున్నారని నేను అనడం లేదు. మా అబ్బాయి దగ్గర ఇప్పటికీ ఒక చిన్న ఆల్బమ్ ఉంది. వాడు వారాల తరబడి దాన్ని తెరవడు. వాడికి అది బొమ్మ. నాకు జింకపిల్ల.

ఇంకో సంగతి. భరతుడు రాజ్యం వదిలి జింక దగ్గర చిక్కాడు. నేను కార్డులు వదిలి, వీడియోకు ఎన్ని వ్యూస్ వచ్చాయో గంటకోసారి చూసుకుంటున్నానని ఈమధ్యే గమనించాను. పెట్టె మారింది, చెయ్యి అదే. పోయిన ఏడు ఐపీఎల్ టైంలో నాలుగు ప్యాకెట్లు ఆర్డర్ పెట్టేదాకా వెళ్లి ఆగాను కూడా. కాబట్టి "వదిలేశాను" అని గట్టిగా అనను. రోజూ వదులుతున్నాను.

మీ ఇంట్లో జింకపిల్ల చీరలు కావచ్చు, బంగారం కావచ్చు, ఫోన్ కావచ్చు, పూజగదిలో కొంటూ పోయే వెండి విగ్రహాలు కూడా కావచ్చు. మంచిదా చెడ్డదా అని చూడకండి. ఈ వారం ఒక్కటి చేయండి. ఇంట్లోవాళ్లు పిలిచినప్పుడు మీ చేతిలో ఏముందో, దాన్ని కింద పెట్టడానికి ఎంతసేపు పట్టిందో గమనించండి. నాకు ఒక్క క్షణం పట్టింది. ఆ ఒక్క క్షణంలో మా అమ్మను ఇంకెవరో ఎత్తుకుపోయారు.

వచ్చే వీడియోలో జడభరతుడు రహూగణ మహారాజు పల్లకీ మోసిన ఘట్టం చెప్పుకుందాం. అమ్మవారి దయ మీ అందరి మీద ఉండాలి.

జై భద్రకాళి!