ఆవర్తన పట్టికలో ఖాళీ గడులు

మూలకాల ధర్మాలను విడివిడిగా గుర్తుంచుకోవడం కష్టం కదా! వీటిని ఒక క్రమంలో ఎలా అమర్చారో ఈ భాగంలో తెలుసుకుందాం.

రష్యా శాస్త్రవేత్త మెండలీఫ్ 1869లో, అప్పటికి తెలిసిన 63 మూలకాలను పరమాణు భారాల ఆరోహణ క్రమంలో అమర్చాడు. ఒకే రకమైన ధర్మాలు గలవి ఒకే గ్రూపులోకి వచ్చేటట్లు చూశాడు. ధర్మాలు కుదరని చోట గడిని ఖాళీగా వదిలాడు.

అల్యూమినియం తరువాతి ఖాళీకి 'ఏకా-అల్యూమినియం' అని పేరు పెట్టాడు. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 5.9 గ్రాములు ఉంటుందని 1871లో ఊహించాడు. 1875లో ఫ్రాన్సులో బ్వాబోద్రాన్ గాలియంను కనుగొన్నాడు. ఆయన మొదట కొలిచిన సాంద్రత 4.7. మళ్ళీ కొలిచి చూడమని మెండలీఫ్ సూచించాడు. లోహాన్ని బాగా శుద్ధిచేసి కొలిస్తే 5.9 వచ్చింది!

అయితే ఒక చిక్కు మిగిలింది. టెల్లూరియం (127.6) కంటే అయోడిన్ (126.9) తేలిక. అయినా ధర్మాలను బట్టి అయోడిన్‌ను తరువాతే ఉంచవలసి వచ్చింది. 1913లో మోస్లే ఎక్స్-కిరణాల ప్రయోగాలతో ఈ చిక్కు వీడింది. క్రమాన్ని నిర్ణయించేది పరమాణు సంఖ్య. టెల్లూరియంకు అది 52, అయోడిన్‌కు 53.

నేటి పట్టికలో 118 మూలకాలు, 7 పీరియడ్లు, 18 గ్రూపులు ఉన్నాయి.

మీ ప్రగతిని తెలుసుకోండి: పొటాషియం (39.1) కంటే భారమైన ఆర్గాన్ (39.9) పట్టికలో ముందు ఎందుకుంది?

జవాబు: ఆర్గాన్ పరమాణు సంఖ్య 18, పొటాషియంది 19.