తీగ రంగు, పిన్ను పేరు

ఇంటిలోని ఇస్త్రీ పెట్టెకో మిక్సీకో కొత్తగా మూడు పిన్నుల ప్లగ్గు బిగించడం చిన్న పనిగానే కనిపిస్తుంది. అయితే ప్లగ్గులోని మూడు తీగలలో ఫేజు, ఎర్తు తారుమారైతే ఆ ఉపకరణపు లోహభాగమంతటా విద్యుత్తు నిండుతుంది. మన ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు. తడి చేతితో తాకినవారికి అది ప్రాణాంతకం కావచ్చు. కనుక ఏ తీగ ఏ పిన్నుకు చేరవలెనో, రంగును ఎంతవరకు నమ్మవచ్చునో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మూడు తీగలు, మూడు పనులు

ఫేజు తీగ విద్యుత్తును ఉపకరణానికి తెస్తుంది. న్యూట్రలు తీగ దాని తిరుగుదారి. ఎర్తు తీగకు మామూలు వేళలో పని లేదు. లోపల ఫేజు తీగ ఊడి లోహపు తొడుగుకు తగిలినప్పుడు, ఆ విద్యుత్తు మనిషి గుండా పోకుండా ఎర్తు తీగ దానిని భూమికి మళ్లిస్తుంది. అప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ప్రవహించి ఫ్యూజు కాలిపోతుంది, లేదా ఎం.సి.బి. ట్రిప్ అవుతుంది.

ప్లగ్గు మూత విప్పి చూస్తే స్క్రూల పక్కన ఎల్, ఎన్, ఇ అనే ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఎల్ ఫేజుకు, ఎన్ న్యూట్రలుకు, ఇ ఎర్తుకు గుర్తు. ఎర్తు పిన్ను తక్కిన రెండింటికంటె పొడవుగా, లావుగా ఉంటుంది. అందువల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్తు అన్నిటికంటె ముందు కలుస్తుంది; తీసేటప్పుడు అన్నిటికంటె చివర విడిపోతుంది.

రంగులలో రెండు వరుసలు

గోడలలో వేసే వైరింగులో ఫేజుకు ఎరుపు, న్యూట్రలుకు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ వాడడం మన దేశంలో చిరకాలపు అలవాటు. మూడు ఫేజుల సరఫరా ఉన్న భవనాలలో ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం రంగులు ఉంటాయి.

నేటి ఉపకరణాలతో వచ్చే వైరులో వరుస వేరు. అందులో ఫేజుది ముదురు గోధుమ రంగు, న్యూట్రలుది నీలం, ఎర్తుది ఆకుపచ్చ మీద పసుపు చార.

ఇక్కడే మొదటి ప్రమాదం ఉన్నది. ఉపకరణపు వైరులో నీలం న్యూట్రలు. గోడలో అదే నీలం ఫేజు కావచ్చు. ఒకచోట నేర్చిన రంగును మరొకచోట గుడ్డిగా వాడరాదు.

రెండవ ప్రమాదం మన మాటలోనే ఉన్నది. తెలుగులో పసుపుపచ్చ, ఆకుపచ్చ రెండింటినీ వాడుకలో ‘పచ్చ’ అనేస్తాం. తమిళంలో ‘పచ్చై’ అంటే ఆకుపచ్చ మాత్రమే. కన్నడంలో ఆ రంగు ‘హసిరు’, ఒడియాలో ‘సబుజ’, మరాఠీలో ‘హిరవా’. పసుపు తీగ ఫేజు, ఆకుపచ్చ తీగ ఎర్తు అయినచోట “ఆ పచ్చ తీగ కలుపు” అన్న మాట ప్రాణం మీదికి తేగలదు. పని చేసేవారి భాష ఏదైనా, రంగు పేరుకు బదులు ఫేజు, న్యూట్రలు, ఎర్తు అనే చెప్పవలెను. ఈ మూడు మాటలు అన్ని భాషల పనివారికీ తెలిసినవే.

బిగించే క్రమం

1. ప్లగ్గును సాకెట్ నుండి పూర్తిగా తీసివేయవలెను. స్విచ్ ఆపితే చాలదు.
2. కొత్త ప్లగ్గు మూతను ముందుగానే వైరులోకి ఎక్కించవలసిన రకమైతే అలాగే ఎక్కించవలెను.
3. స్క్రూకు సరిపడేంత మేరకే తీగల పైతొడుగు ఒలిచి, రాగి పోగులను మెలిపెట్టవలెను. ఒక్క పోగు కూడా పక్క స్క్రూను తాకరాదు.
4. ఎర్తు తీగను తక్కిన వాటికంటె కొంచెం పొడవుగా ఉంచవలెను. వైరును ఎవరైనా లాగినా అది చివరగా ఊడుతుంది.
5. పోగులను స్క్రూ తిరిగే దిశలోనే చుట్టి బిగించవలెను.
6. వైరు పై తొడుగు క్లాంపు కింద గట్టిగా పట్టి ఉన్నదో లేదో చూసి మూత వేయవలెను.

ఫేజు, న్యూట్రలు తారుమారైనా ఉపకరణం పనిచేస్తుంది. కాని దానిమీది స్విచ్ ఆపినా లోపల విద్యుత్తు నిలిచే ఉండవచ్చు. కాబట్టి పనిచేయడం ఒక్కటే సరిగా బిగించినందుకు రుజువు కాదు. ఎర్తు తీగను వదిలివేసినా ఉపకరణం తిరుగుతుంది. రక్షణ మాత్రం ఉండదు.

హద్దు ఎక్కడ?

ఉపకరణపు ప్లగ్గు మార్చడం గృహస్థు చేయగల పని. గోడ వైరింగు, మెయిన్ బోర్డు, కొత్త సాకెట్ల పని లైసెన్సు పొందిన విద్యుత్ కాంట్రాక్టరు చేత చేయించవలెను. టెస్టర్ వెలిగితే ఫేజు ఉన్నదని తెలుస్తుంది. ఎర్తు సరిగా ఉన్నదని అది చెప్పలేదు. ఆ పరీక్షను, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా తెంచే ఆర్.సి.సి.బి. అమరికను కూడా వారికే అప్పగించవలెను.

అభ్యాసం

1. మిక్సీ వైరులోని నీలం తీగ ఏ అక్షరం వద్ద చేరుతుంది?
2. రిఫ్రిజిరేటరును తాకితే చిన్న షాక్ తగులుతున్నది. మొదట ఏమి చేయవలెను?

జవాబులు: 1. ఎన్. 2. దానిని మళ్లీ తాకక, మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, లైసెన్సు గలవారిని పిలిపించవలెను.