పన్నెండో గంట

చిట్టీ,

జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు పాసయ్యావని తెలిసి మీ పెదనాన్న వీధంతా మిఠాయి పంచారు. రెండు ఆసుపత్రులు పిలిచాయని, ఒకదాంట్లో ఎనిమిది గంటల డ్యూటీ, వారానికి ఆరు రోజులని, రెండోదాంట్లో పన్నెండు గంటలైనా నాలుగు రోజులేనని రాశావు. మూడు రోజులు సెలవొస్తుందని నీ మనసు రెండోదాని వైపే లాగుతోంది. ఎక్కం ప్రకారం రెండూ నలభై ఎనిమిదే. ఒంటికి మాత్రం రెండూ ఒకటి కాదమ్మా.

మా ఆసుపత్రిలో పగటి డ్యూటీలు ఆరేసి గంటలు, నైట్ మాత్రం రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. అలాంటి ఒక నైట్ సంగతి ఇంతవరకూ మీ అమ్మకు కూడా చెప్పలేదు.

నలభై మంచాల వార్డు, ఇద్దరం సిస్టర్లం. తెల్లారి ఏడయింది. ఒక పెద్దాయనకి టిఫిన్‌కి ముందు పది యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల సీసాకి నారింజ మూత సిరంజి వాడాలని నువ్వూ చదువుకున్నావు. నా చేతిలో ఉన్నది 100 సీసా, తీసింది ఎర్ర మూత సిరంజి. పదో గీత దాకా లాగాను. అంటే అందులోకి వచ్చింది ఇరవై అయిదు యూనిట్లు. దూదితో ఆయన పొట్ట తుడుస్తుంటే, పగటి డ్యూటీకి కాస్త ముందే వచ్చిన సీనియర్ సిస్టర్ ట్రేలో ఎర్ర మూత చూసి నా మణికట్టు పట్టుకున్నారు. సిరంజి తీసి పారేసి, "కాసేపు కూర్చో" అన్నారు, అంతే. ఆ తేడా నాకు తెలియక కాదు. ట్రైనింగ్ పిల్లలకి అది నేర్పింది నేనే.

అమెరికాలో 393 మంది నర్సులు రోజూ తమ పనిగంటలూ పొరపాట్లూ రాసిపెట్టిన పుస్తకాలతో చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. డ్యూటీ పన్నెండున్నర గంటలకు చేరితే పొరపాటుకి ఆస్కారం దాదాపు మూడింతలవుతుందని అందులో తేలింది. అది చదివినప్పుడు నాకు ఆ ఎర్ర మూతే గుర్తొచ్చింది.

ఇక ఇంటి సంగతి. నైట్ చేసి గుంటూరులో రైలెక్కి తెనాలిలో ఇల్లు చేరేసరికి పదిన్నరయ్యేది. కుక్కర్ విజిల్‌కి నాకు మెలకువ వస్తుందని మా అత్తయ్య గంజి వార్చే అన్నం వండేవారు. మీ అన్నయ్యకి అప్పుడు నాలుగేళ్లు. అమ్మ పడుకుంటే చప్పుడు చెయ్యకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు. బొమ్మకారుని నేల మీద కాకుండా పరుపు మీద నడుపుకునేవాడు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. నైట్ దిగిన తర్వాతి సెలవులో మొదటి రోజు నిద్రకే చాలేది కాదు. అందుకే వాళ్లు మూడు రోజులంటే నువ్వు రెండే అనుకో.

లండన్‌లో ఉన్న నా శిష్యురాలు పన్నెండు గంటల డ్యూటీయే మేలంటుంది. ప్రయాణాలు తగ్గుతాయి, బిడ్డతో నిండుగా రోజులు గడపొచ్చు అంటుంది. ఆమెకది నిజమే, కాదనను. కానీ ఆమెకు పదేళ్ల అనుభవం ఉంది. నీకింకా చెయ్యి తిరగలేదు. కొత్తలో ప్రతి పనికీ మనసు పెట్టాల్సి వస్తుంది, ఆ అలసట వేరు. మొదటి రెండేళ్లు ఎనిమిది గంటల చోటే చెయ్యి.

ఎక్కడ చేరినా జీతం కంటే ముందు ఒకటి అడుగు: తర్వాతి డ్యూటీ సిస్టర్ రాకపోతే ఏం చేస్తారు? "మీరే ఉండాలి" అన్నారంటే, కాగితం మీది పన్నెండు పద్నాలుగవుతుంది. హ్యాండోవర్ సమయం డ్యూటీలో కలిసిందా లేదా కూడా అడుగు. 1977లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ నర్సుల గురించి చేసిన సిఫార్సులో ఓవర్‌టైమ్‌తో కలిపినా రోజుకి పన్నెండు గంటలు దాటకూడదని, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య పన్నెండు గంటల విశ్రాంతి ఉండాలని ఉంది. ఆ విశ్రాంతి గురించి అడగడానికి మొహమాటపడకు.

వాళ్లేం చెప్పారో సంతకం పెట్టకముందే నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, ఎత్తుతాను.

మీ పెద్దమ్మ