మలేరియా పోయింది, పరుగు ఎందుకు రాలేదు?



జ్వరం తగ్గి మూడు వారాలైంది కదా, ఇంకా గ్రౌండులోకి దిగవేంరా అని అందరూ అడుగుతున్నారు. కొందరైతే నాటకాలు అంటున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే సైన్సు పాఠంలాగా రాసేస్తే నయమనిపించింది.

జ్వరానికి ముందు 800 మీటర్లు నేను 2 నిమిషాల 18 సెకన్లలో పూర్తి చేసేవాణ్ణి. తర్వాత అదే దూరానికి 2 నిమిషాల 49 సెకన్లు పట్టింది. కాళ్లు నొప్పి లేవు. మొదటి రౌండుకే గుండె దడ, కళ్లు మసక. ఆస్పత్రిలో రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8.9 గ్రాములు. 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకి అది 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క.

ఊపిరితిత్తుల్లోని ప్రాణవాయువును కండరాలకు మోసేది ఈ హిమోగ్లోబినే. ఒక్కో అణువు నాలుగు ప్రాణవాయువు అణువులను మోస్తుంది. ఇది ఎర్రరక్తకణాల్లో ఉంటుంది. మలేరియా క్రిమి సరిగ్గా ఆ కణాల్లోనే దూరి, పెరిగి, వాటిని పగలగొట్టుకుని బయటకొస్తుంది. పైగా ప్లీహం మంచి కణాల్ని కూడా కొన్నింటిని తీసేస్తుంది. బళ్లు తగ్గిపోతే బస్తాలు ఎలా చేరతాయి? ఉన్న బళ్లనే గబగబా తిప్పాలి. గుండె దడ అందుకే. జ్వరం మాత్రలతో నాలుగు రోజుల్లో తగ్గొచ్చు, పోయిన రక్తం ఊరడానికి వారాలు పడుతుంది.

(దోమ కడుపులో ఈ క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.)

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 2025 మేలో కొరియాలోని గుమిలో 100 మీటర్ల హర్డిల్స్ 12.96 సెకన్లలో గెలిచి ఆసియా బంగారు పతకం తెచ్చింది. కొద్ది వారాలకే ప్రాక్టీసులో మోకాలు దెబ్బతింది. ఆమెను ఎవరూ నాటకం అనలేదు. మోకాలి దెబ్బ అందరికీ తెలుస్తుంది. రక్తం తగ్గితే కట్టు కట్టరు కదా, అదే మా తంటా!

మన ఏజెన్సీలో ఈ జ్వరం రాని ఇల్లు తక్కువ. కాబట్టి ఇది గుర్తుంచుకోండి. వైవాక్స్ రకం క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దానికే 14 రోజుల ప్రైమాక్విన్ మాత్రలు. చలి తగ్గిందని మూడో రోజే మానేస్తే లాభం లేదు. అయితే ఆ మాత్రలు వేసుకునేటప్పుడు మూత్రం నల్లగా వస్తే మాత్రం ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ప్లీహం వాచి ఉన్నవాళ్లు కబడ్డీకి దిగకూడదు. కడుపులో దెబ్బ తగిలితే అది పగలొచ్చు, ప్రాణానికే ముప్పు.

నేను డాక్టరు గారిచ్చిన ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. తోటకూర, మునగాకు, గుడ్డు వదలడం లేదు. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం మీద టీ తాగితే ఒంటబట్టదు.

వార్డెన్ గారికి, డ్రిల్లు మాస్టారికి ఒక మనవి. మలేరియా వచ్చి లేచిన పిల్లల్ని రక్తపరీక్ష అయ్యేదాకా పొద్దున్న పరుగు నుంచి మినహాయించండి.

నాకు మళ్లీ పరీక్ష వచ్చే సోమవారం. అందాకా రోజూ సాయంత్రం గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు నడకే. రాజమండ్రి పోటీలకి 800 మీటర్లలో నా బదులు తొమ్మిదో తరగతి బి సెక్షను నుంచి ఒకర్ని తీసుకున్నారు. వాచీ పట్టుకుని వాడికి టైము చూసేది నేనే.